‘దేవుడు కొడతాడు’ అనకండి



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగము మూడు నుండి అయిదేళ్ల వయసు పిల్లల గురించే ఉంటాయి. అన్నము తినడు, మాట వినడు, చెల్లిని కొరుకుతాడు, ఆరాధనలో కుదురుగా కూర్చోదు. ఈసారి ఒక సహోదరి రాసిన ఉత్తరము మాత్రము మమ్మల్ని రెండు రోజులు ఆలోచనలో పడవేసింది. ఆమె కుమారునికి నాలుగేళ్లు. రాత్రి కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకోమంటే మూసుకోడు. గట్టిగా అడిగితే, “కళ్లు మూసుకుంటే దేవుడొచ్చి కొడతాడు” అన్నాడట. వాడిచేత ప్రార్థన చేయించేదెలాగో చెప్పండి అని ఆమె అడిగారు.

ప్రార్థన సంగతి తరువాత చూద్దాము. దేవుడు కొడతాడని ఆ బిడ్డకు ఎవరు చెప్పారు? పుట్టుకతో తెచ్చుకున్న మాట కాదు అది. సండే స్కూలు టీచరూ చెప్పి ఉండదు. ఇంట్లోనే ఎవరో చెప్పి ఉంటారు, అదీ కోపముతో కాదు, ముద్దు చేస్తూనే. అన్నము వదిలేస్తే “దేవుడు చూస్తున్నాడు, కళ్లు పోతాయి”. చెల్లి బొమ్మ లాక్కుంటే “యేసయ్యకు నువ్వంటే ఇష్టం ఉండదు పో”. మధ్యాహ్నము నిద్రపోకపోతే మరొకటి. మనకు అవి మాటలు. అన్నామన్న సంగతి కూడా మరచిపోతాము. బిడ్డ మాత్రము మరచిపోడు. నాలుగేళ్లవాడికి మాట అంటే మాటే. కళ్లు పోతాయంటే నిజముగా పోతాయనే వాడి లెక్క.

మన ఇళ్లలో పిల్లలను అదుపులో పెట్టడానికి ఒక పటాలమే ఉంటుంది. మొదట బూచాడు వస్తాడు. వాడికి భయపడడము మానేశాక పోలీసు వస్తాడు. ఆ తరువాత సూది వేసే డాక్టరు. విశ్వాసుల ఇళ్లలోనైతే వీరికి పైన మరొకరు: “ఉండు, పాస్టరుగారితో చెప్తాను.” అన్నిటికీ చివర, అందరికంటె పెద్దవాడు గనుక, దేవుడు. ఎంత సులువైన పద్ధతో! ఒక్క మాటతో ఇల్లు నిశ్శబ్దమవుతుంది. కాని దీనికి వెల ఎప్పుడో ఒకప్పుడు కట్టవలసి వస్తుంది. రేపు 103 డిగ్రీల జ్వరముతో బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరుగారు స్టెతస్కోపు తీయకముందే వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. క్రిస్మసునాడు మెదక్ చర్చి ప్రాంగణములో ఎంత జనమో చూసినవారికి తెలుసు. ఆ జనములో మీ పాప చెయ్యి జారిపోయిందనుకోండి. సహాయానికి ఆమె వెళ్లవలసింది ఖాకీ బట్టల మనిషి దగ్గరికే. అతనిని చూడగానే పారిపోయి దాక్కోవాలని మనమే నేర్పి పెట్టాము. పాస్టరుగారు ఇంటికి వస్తే మంచము కింద దూరే పిల్లలు ఎంతమంది లేరు? పెద్దవాళ్లము నవ్వుకుంటాము. ఆ పెద్దమనిషి మాత్రము పాపము, నేనేమి చేశానని అనుకుంటాడు.

డాక్టరు భయము నాలుగేళ్లకు తగ్గిపోవచ్చు. దేవుని గురించి ఏర్పడిన మొదటి ఊహ అంత తేలికగా పోదు. కనుక ఈ నెల మేము ప్రధానముగా చెప్పదలచుకున్నది ఇదే: మంచి నడవడి నేర్పడానికి దేవుని పేరును బెదిరింపుగా వాడవద్దు.

దీనికి వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. దేవుని యందు భయభక్తులు ఉండవద్దా? సామెతల గ్రంథము మొదటి అధ్యాయములోనే ఆ భయమును గూర్చి చెప్పలేదా? చెప్పింది. అయితే ఆ భయము ఎదుటివాని గొప్పతనము తెలిసినవానికి కలిగే భయము. తండ్రి మంచితనము ఎరిగిన కొడుకు తండ్రి మనసు నొప్పించడానికి జంకుతాడు, అది. చీకట్లో బూచాడికి భయపడడము వేరు. ఈ రెంటికీ తేడా మనకు తెలుసు. నాలుగేళ్లవాడికి తెలియదు. వాడికి ఉన్నది ఒక్క భయమే. మార్కు సువార్త పదియవ అధ్యాయములో బిడ్డలను ప్రభువు దగ్గరికి తెచ్చినవారిని శిష్యులు గద్దించారు. ప్రభువు కోపపడినది పిల్లల మీద కాదు, వారిని అడ్డుకున్న పెద్దవారి మీద. ఆ తరువాత ఆయన పిల్లలను ఎత్తుకున్నాడు. ఆయన ఒడిలోకి వెళ్లవలసిన పిల్లలకు ఆయన పేరు చెప్పి వణుకు పుట్టించడము కూడా ఒక అడ్డే.

మరి బెదిరించకుండా మాట వింటారా అని అడుగుతారు. వింటారు, కాని వెంటనే కాదు. మూడేళ్ల బిడ్డ మాట వినకపోవడానికి సగము కారణము మొండితనము కాదు. వాడికి ఇంకా చేతకాదు. చేతిలోని వస్తువు విసరాలనిపించిన క్షణములోనే చెయ్యి విసిరేస్తుంది. ఆపుకొనే శక్తి ఈ వయసులో ఇప్పుడిప్పుడే మొలకెత్తుతుంది, అది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. ఆకలి వేసినప్పుడు, నిద్ర వచ్చినప్పుడు ఆ కాస్త శక్తీ ఉండదు. పెళ్లి విందులో రాత్రి పది గంటలకు బిడ్డ మారాము చేస్తే అది నడవడి సమస్య కాదు, పడుకోబెట్టవలసిన సమస్య.

మనము మాట్లాడే తీరు మారితే సగము గొడవ తగ్గుతుంది. “పరుగెత్తకు” అంటే పిల్లవాడికి వినబడేది ‘పరుగెత్తు’ అన్న ముక్కే. “మెల్లగా నడువు నాన్నా” అంటే ఏమి చేయాలో తెలుస్తుంది. “అరవకు” అనే బదులు “చెవిలో చెప్పు” అనండి, వాడికి అదొక ఆట. వంటింట్లో నుండి కేకవేసి చెబితే వాడు విన్నట్టు కాదు. దగ్గరికి వెళ్లి, వాడి ఎత్తుకు వంగి, కళ్లలోకి చూసి ఒక్క సంగతి చెప్పండి. ఒకేసారి నాలుగు పనులు చెప్పవద్దు. ఆట మధ్యలో చెయ్యి పట్టి లాక్కురావద్దు. “ఇంకా రెండుసార్లు జారి, అప్పుడు ఇంటికి పోదాం” అని ముందుగా చెప్పి, రెండుసార్లు కాగానే నిజముగా బయలుదేరండి. మూడోసారి ఒప్పుకున్నారా, రేపటి నుండి మీ లెక్క చెల్లదు.

ఈ వయసులో అబద్ధాలు చూసి బెంగపడే తల్లులు చాలామంది. మూతి నిండా పంచదార పెట్టుకొని “నేను తినలేదు” అంటుంది పాప. అమ్మకు తెలియనిది నాకు తెలియవచ్చు అన్న సంగతి ఆమె బుద్ధికి అప్పుడే అందుతోంది, దానిని పరీక్షిస్తోంది. అలాగని సమర్థించమని మేము అనడము లేదు. కాని తెలిసి తెలిసి “పంచదార ఎవరు తిన్నారు?” అని అడిగి వల పన్నవద్దు. “పంచదార తిన్నావు. కావాలంటే అడగాలి. పద, మూతి కడుక్కుందాం” అనండి. నిజము చెప్పినరోజు, ఎంత నష్టము జరిగినా, నిజము చెప్పినందుకు ముందు సంతోషించి, తరువాత మిగతాది చూడండి. నిజము చెబితే దెబ్బ, అబద్ధమాడితే తప్పించుకోవడము అన్న ఏర్పాటు ఉన్న ఇంట్లో పిల్లలు ఏది నేర్చుకుంటారో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మెచ్చుకోలు. రోజంతా చెల్లితో చక్కగా ఆడుకున్న బిడ్డను ఎవరూ పలకరించరు. ఒక్కసారి జుట్టు పీకితే ఇంటిల్లిపాదీ పరుగెత్తి వస్తారు. నలుగురూ తనవైపు చూడాలంటే ఏమి చేయాలో బిడ్డకు అర్థమైపోతుంది. మన పెద్దలలో పొగిడితే పిల్లలు పాడవుతారన్న నమ్మకము ఉంది. పైకి ఒప్పుకోరు గాని, మెచ్చుకుంటే దిష్టి తగులుతుందన్న భయము విశ్వాసుల ఇళ్లలోనూ ఇంకా పూర్తిగా పోలేదు. మేము చెప్పేది “గుడ్ బాయ్, గుడ్ గర్ల్” అని ఊరికే అనడము కాదు. బిడ్డ ఏమి చేశాడో చూసి, చూసినదే చెప్పండి. “అరటిపండు సగం చేసి చెల్లికిచ్చావు. చూడు, ఏడుపు మానేసింది.” “చెప్పులు జతగా పెట్టావే! నానమ్మకు కాలు తగలకుండా ఉంటుంది.” ‘మంచివాడివి’ అంటే వాడికేమీ తెలియదు. పెద్ద ముక్క చెల్లికిస్తే చెల్లి నవ్విందన్నది తెలుస్తుంది. రేపు మళ్లీ ఆ నవ్వు కోసమే ఇస్తాడు. అటువంటి సమయములో “ఇది చూసి యేసయ్య ఎంత సంతోషిస్తాడో” అన్న మాట ఎంతైనా అనండి. ఆ పేరు అక్కడ అందముగా ఉంటుంది.

బహుమానాల సంగతి కొంచెము జాగ్రత్తగా చూడాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో జరిగిన ఒక పరిశీలన 1973లో ప్రచురితమైంది. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే మూడు నుండి అయిదేళ్ల పిల్లలలో కొందరికి, బొమ్మ గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రము ఇస్తామని ముందే చెప్పారు. వారు గీశారు, పత్రము తీసుకున్నారు. ఒకటి రెండు వారాల తరువాత ఆ రంగుపెన్నులే మళ్లీ గదిలో ఉంచితే, ఆ పిల్లలు వాటితో గడిపిన సమయము మిగతావారు గడిపినదానిలో దాదాపు సగమే. ముందుగా చెప్పకుండా, గీసిన తరువాత అదే పత్రము అందుకున్న పిల్లలకు మాత్రము ఇష్టము తగ్గలేదు. ఇది చదివినప్పుడు మాకు మన సండే స్కూళ్లే గుర్తుకు వచ్చాయి. ఒక్కొక్క కంఠత వాక్యానికి ఒక్కొక్క చాక్లెట్టు! క్రిస్మసు బహుమతులు ఎత్తివేయమని మేము అనము. ఆ రోజు స్టేజి ఎక్కి ప్లాస్టిక్ డబ్బా అందుకోవడములో ఉన్న ఆనందము పిల్లలదే, దానిని తీసివేయడానికి మనమెవరము? కాని ఇంట్లో “ప్రార్థన చేస్తే చాక్లెట్” అన్న బేరము పెట్టవద్దు. ప్రార్థన చేదుమందు గనుకనే దానితో తీపి ఇస్తున్నారని బిడ్డ అనుకుంటాడు. ప్రార్థన అయ్యాక అందరూ కలిసి వేరుశెనగ ఉండలు తింటే అది బేరము కాదు, పండుగ.

ఇచ్చిన మాట గురించి కూడా ఒక సంగతి. “ఏడవకు, సాయంత్రం బొమ్మ కొంటాను” అని ఆఫీసుకు వెళ్లే తండ్రి ఆ మాట వీధి మలుపు తిరిగేలోగా మరచిపోతాడు. రోచెస్టర్ విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో 28 మంది పిల్లలు ఉన్నారు. ఒక పెద్దమనిషి వారికి, కాసేపు ఆగితే మంచి రంగులు తెస్తానని చెప్పాడు. సగముమందికి చెప్పినట్టే తెచ్చాడు. మిగతా సగముమందికి ఉత్త చేతులతో వచ్చాడు. ఆ తరువాత అందరికీ ఒక్కొక్క మిఠాయి ఇచ్చి, పదిహేను నిమిషాలు తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవారు మూడు నిమిషాలే. ఓర్పు లేదని మనము తిట్టే పిల్లలు కొన్నిసార్లు ఓర్పు లేనివారు కారు, మన మాట మీద నమ్మకము లేనివారు. అవునంటే అవును, కాదంటే కాదు అని ప్రభువు మత్తయి అయిదవ అధ్యాయములో బోధించినది వంటింట్లోకీ వస్తుంది. కొనలేనప్పుడు కొననని చెప్పండి. ఏడుస్తాడు, ఏడ్వనివ్వండి. ఏడుపుకు జడిసి ఇచ్చిన మాట ఏడుపుకంటె ఎక్కువ ఖర్చు.

ఫోను చూపించి అన్నము పెట్టడము గురించి ఎక్కువ రాయము, అందరికీ తెలిసినదే. రెండు నుండి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు ఒక గంట మించవద్దనీ, తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. బైబిలు కథల కార్టూన్లైనా ఆ గంటలోనే లెక్క.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. బెత్తము వాడమని బైబిలే చెబుతోంది కదా అని మాకు ప్రతి ఏడూ ఉత్తరాలు వస్తాయి. సామెతల గ్రంథములో ఆ వాక్యాలు ఉన్నాయి, లేవని మేము అనము. అయితే అక్కడ మన తెలుగు బైబిలులో ‘బెత్తము’ అని ఉన్న హెబ్రీ మాట షేబెత్. 23వ కీర్తనలో కాపరి చేతిలో ఉండి గొఱ్ఱెకు ఆదరణ ఇచ్చే దుడ్డుకఱ్ఱ కూడా ఆ షేబెతే. కాపరి కఱ్ఱ పని తోడేలును తరమడము, గొఱ్ఱెను దారిలో పెట్టడము. తన గొఱ్ఱెనే వాతలు తేలేటట్టు కొట్టే కాపరిని ఎవరైనా మంచి కాపరి అంటారా? శిక్షణ మానమని మేము అనడము లేదు. శిక్షణ లేని బిడ్డ దిక్కులేని బిడ్డే. కాని శిక్షణ, దెబ్బ ఒకటి కావు. కొలొస్సయులకు రాసిన పత్రిక మూడవ అధ్యాయములో పౌలు తండ్రులకు ఇచ్చిన హెచ్చరిక చదవండి. పిల్లల మనసు కృంగిపోయేటట్టు వారికి కోపము పుట్టించవద్దన్నది దాని భావము. బెత్తము వాక్యాలు కంఠతా వచ్చిన తండ్రులలో ఎంతమందికి ఆ వచనము కంఠతా వచ్చు?

వైద్యులూ ఇదే చెబుతున్నారు. కొట్టడమువల్ల నడవడి బాగుపడదనీ, పిల్లలలో దౌర్జన్యము పెరుగుతుందనీ, కొట్టవద్దనీ అమెరికా శిశువైద్యుల అకాడమీ 2018లో ప్రకటించింది. మన దేశములో 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికముగా వేధించడాన్నీ నిషేధించింది. బడిలో తప్పైనది ఇంట్లో, అదీ ప్రార్థన చేసుకునే ఇంట్లో, ఒప్పు ఎలా అవుతుంది? పైగా చెల్లిని కొట్టినందుకు అన్నను కొడుతూ “కొట్టకూడదని చెప్పానా!” అంటాము. వాడు నేర్చుకునేది, పెద్దవాడు కొట్టవచ్చు అన్నది.

కొట్టక ఏమి చేయాలి? నీళ్లు ఒలకబోస్తే గుడ్డ చేతికివ్వండి. వాడు తుడిస్తే ఇంకా తడి అవుతుంది, ఫరవాలేదు. బొమ్మ విసిరితే బొమ్మ సాయంత్రము వరకు అలమర మీదికి పోతుంది. అరవకుండా చెప్పి తీసి పెట్టండి, సాయంత్రము గుర్తుపెట్టుకొని దించండి. చెల్లిని కొడితే చెయ్యి పట్టుకొని ఆపి, “కొట్టనివ్వను” అని ఒక్క మాట గట్టిగా చెప్పి, ముందు చెల్లిని ఎత్తుకోండి. కొట్టినవాడికి ఉపన్యాసము అప్పుడే అక్కరలేదు. నేల మీద పడి దొర్లుతూ ఏడ్చే బిడ్డకు ఏ మాటా వినబడదు. దెబ్బ తగలకుండా చూసి, పక్కన కూర్చోండి. ఏడుపు ఆగాక మంచినీళ్లు ఇచ్చి అప్పుడు మాట్లాడండి. అంగడిలో నలుగురూ చూస్తున్నారని తలవంపుగా ఉంటుంది. ఆ నలుగురూ పిల్లలను పెంచినవారే. “సారీ చెప్పు, చెప్తావా లేదా” అని మెడ వంచి చెప్పించే క్షమాపణ పెదవుల మీదిదే. దెబ్బ తగిలినచోట ఊదమనండి, నూనె రాయమనండి. తన పనివల్ల ఎదుటివారికి నొప్పి కలిగిందని చేతితో తెలుసుకుంటే, మాట తరువాత దానంతట అదే వస్తుంది. తల్లిదండ్రులు కోపముతో అనరాని మాట అన్నప్పుడు బిడ్డ దగ్గర క్షమాపణ అడిగితే చులకన అయిపోతామన్న భయము వద్దు. క్షమాపణ ఎలా ఉంటుందో వాడు మొదట చూడవలసింది మీ దగ్గరే.

“వందనాలు చెప్పు” అన్న హింస కూడా ఒకటి ఉంది. ఇంటికి ఎవరో వస్తారు. పాప అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. “అంకుల్‌కి వందనాలు చెప్పమ్మా. చెప్పు. ఇంట్లో బాగా చెప్తుందండీ, ఇప్పుడు సిగ్గు. మా అక్క కూతురు చూడండి ఎంత చక్కగా...” ఇక ఆ పాప ఈ జన్మకు చెప్పదు. మీరు రెండు చేతులు జోడించి వందనాలు చెప్పండి చాలు. పది మంది అంకుళ్లు వచ్చి వెళ్లాక పదకొండో ఆయనకు తానే చెబుతుంది.

ఇక ఆదివారము. మన ఆరాధనలు రెండు గంటలు, కొన్నిచోట్ల మూడు. మూడేళ్ల బిడ్డను అంతసేపు చాప మీద కదలకుండా కూర్చోమనడము పెద్దలకే కష్టమైన పని పిల్లలకు పెట్టడము. (ప్రసంగములో కునికిపాట్లు పడే పెద్దలను ఎవరూ గద్దించరని గమనించ మనవి.) కాస్త ముందే ప్రయత్నము చేసుకుంటే కొంత జరుగుతుంది. కడుపు నిండా తినిపించి తీసుకురండి. వెనక వరుసలో అయితే వారికి కనిపించేవి ముందువారి వీపులే, కనుక ముందుకో పక్కకో, పాడేవారు కనిపించేచోట కూర్చోండి. బిడ్డకు ఒక పని ఉండాలి. నాన్న బైబిలు మోసుకురావడము, కానుకల సంచి వచ్చినప్పుడు నాణెము తన చేతితో వేయడము, పాటలో చప్పట్లు కొట్టడము. ప్రసంగ సమయానికి ఒక కాగితము, రెండు రంగుపెన్సిళ్లు. ఇక ఆగలేడని తెలిసినప్పుడు, ఏడుపు మొదలుకాకముందే బయటికి తీసుకువెళ్లి చెట్టు కింద అయిదు నిమిషాలు నడిపించి మళ్లీ తీసుకురండి. మొదటి నెల ఇరవై నిమిషాలు కుదురుగా ఉంటే “ఈ రోజు పాటలన్నీ అయ్యేవరకు కూర్చున్నావు” అని దారిలో నాన్నకు వినబడేటట్టు చెప్పండి.

ఇందులో సంఘానికీ ఒక మాట. చంటిబిడ్డలున్న తల్లి నెలల తరబడి వరండాలోనే ఆరాధన ముగించుకొని వెళ్లిపోతుంది. ప్రసంగము వినదు, ప్రభురాత్రి భోజనానికి పరుగున లోపలికి వస్తుంది. బిడ్డ కూతవేసినప్పుడు పది తలలు ఒక్కసారిగా వెనక్కు తిరుగుతాయి. ఆ పది చూపులు ఆమెకు తెలుసు, అందుకే లోపలికి రాదు. తండ్రి మాత్రము పురుషుల వైపు ప్రశాంతముగా నోట్సు రాసుకుంటూ ఉంటాడు! వారము విడిచి వారము బిడ్డను తన వైపు కూర్చోబెట్టుకుంటే ఆయన ఆత్మీయతకు వచ్చే లోటేమీ లేదు. పిల్లలు పెద్దవారైపోయిన అమ్మలు ఒక్కరైనా “ఇలా ఇవ్వమ్మా, నేను చూస్తాను, నువ్వు విను” అంటే అది ఆ ఆదివారపు మంచి పరిచర్య.

ఇంట్లో పెద్దవారి మధ్య మాట కలవకపోవడము మరొక బాధ. అమ్మ వద్దన్నది నానమ్మ ఇస్తుంది. నానమ్మ మీద బిడ్డ ఎదుట విసుక్కోవద్దు. ఆమెను గౌరవించడమూ నడవడి పాఠమే, వాడు చూస్తున్నాడు. వాడు నిద్రపోయాక “అత్తయ్యా, భోజనానికి ముందు బిస్కెట్టు మాత్రం వద్దు, మిగతాది మీ ఇష్టం” అని ఒక్కటి అడగండి. పది అడిగితే ఒకటీ జరగదు. ‘దేవుడు కొడతాడు’ అన్న మాట మానమని చెప్పడానికి కూడా ఇదే దారి. ఆమె కూడా తన అమ్మమ్మ దగ్గర విన్న మాటే అంటోంది. దాని బదులు ఆమెకు వచ్చిన బైబిలు కథలు చెప్పమనండి. తిమోతి విశ్వాసము మొదట అవ్వ లోయి దగ్గర ఉన్నదని రెండవ తిమోతి పత్రిక చెబుతుంది కదా.

గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతము నుండి కువైటుకు ఇంటిపనికి వెళ్లిన తల్లులు మన పాఠకులలో ఉన్నారు. బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతాడు. ఫోనులో ముఖము కనబడగానే తల్లి అడిగే మొదటి ప్రశ్న “అల్లరి చేస్తున్నావా? అమ్మమ్మను ఏడిపిస్తున్నావా?” అమ్మా, ఆ ఉన్న పది నిమిషాలూ విచారణకు ఖర్చు చేయవద్దు. ఈ రోజు వాడు చేసిన ఒక మంచి పని ఏమిటో ముందే అమ్మమ్మను అడిగి తెలుసుకొని, దానితో మొదలుపెట్టండి. “కోడిపిల్లలకు నూకలు వేశావట కదా!” అంటే, ఇంత దూరములో ఉన్నా అమ్మ నన్ను చూస్తోంది అనుకుంటాడు. సమూయేలు మందిరములో పెరిగినప్పుడు హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లిందని మొదటి సమూయేలు రెండవ అధ్యాయములో ఉంది. బిడ్డ ఒళ్లు ఎంత పెరిగి ఉంటుందో దూరమునుండే ఊహించి కుట్టిన అంగీ అది.

ఇప్పుడు మొదట ఉత్తరము రాసిన సహోదరికి. అమ్మా, కొన్నాళ్లు బాబును కళ్లు మూసుకోమనవద్దు. మీ ఒడిలో కూర్చోబెట్టుకొని, కళ్లు తెరిచే ఉండనిచ్చి, మీరే వాడి తరఫున రెండు మాటలు ప్రార్థించండి. ఈ రోజు వాడికి సంతోషము కలిగించినది ఒకటి చెప్పి స్తోత్రము చెల్లించండి. కుక్కపిల్ల అయినా సరే, మామిడిపండు అయినా సరే. “దేవుడు కొట్టడు నాన్నా. నీకు దెబ్బ తగిలితే ఆయనకు బాధ” అని, వాడు అడిగినప్పుడే కాక, అడగనప్పుడు కూడా చెప్పండి. కొన్ని వారాలు పట్టవచ్చు. కళ్లు ఎప్పుడు మూసుకోవాలో వాడే తేల్చుకోనివ్వండి.

చివరిగా ఒక జాగ్రత్త. కొందరు పిల్లల విషయములో అల్లరి అనుకున్నది అల్లరి కాదు. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడము, మూడేళ్లు వచ్చినా చిన్న చిన్న మాటలు కలిపి మాట్లాడకపోవడము, వచ్చిన మాటలు పోవడము, ముఖములోకి చూడకపోవడము, తోటి పిల్లల మధ్య ఉన్నా ఒకే వస్తువును గంటలకొద్దీ తిప్పుతూ ఉండడము కనిపిస్తే ఆలస్యము చేయక శిశువైద్యునికి చూపించండి. వినికిడి లోపము కావచ్చు, మాట ఆలస్యము కావచ్చు, ఆటిజము కావచ్చు. అటువంటి బిడ్డను మొండివాడని కొట్టడము, దయ్యము పట్టిందని కూటాల వెంట తిప్పడము రెండూ అన్యాయమే. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ వెళ్లండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కింద అంగన్‌వాడీ పిల్లలకు ఇటువంటి లోపాల పరీక్ష ఉచితముగా జరుగుతుంది, అవసరమైనవారిని జిల్లా కేంద్రానికి పంపుతారు. మీ ఊరి అంగన్‌వాడీ టీచరును అడిగితే వైద్యబృందము వచ్చే రోజు చెబుతారు.

వచ్చే నెల ఈ శీర్షికలో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పోట్లాటల గురించి రాస్తాము. ఉత్తరాలు రాసేవారు బిడ్డ వయసు తప్పక తెలియజేయగలరు.